ఏడో తట్ట

నాకు అసూయ ఎక్కువ. దాచుకుని లాభం లేదు, మా కాలేజీ అటెండర్‌కు కూడా ఈ సంగతి తెలుసు. ఎవరికి డాక్టరేటు వచ్చినా ముందుగా వెళ్లి అభినందించేది నేనే, ఆ తర్వాత రెండు రోజులు అన్నం సహించనిదీ నాకే. పేరు మాలతి. వనపర్తిలో డిగ్రీ పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఇన్నేళ్లలో చాలామందిని చూసి కుళ్లుకున్నాను. ఒక ఫోన్‌ను చూసి కుళ్లుకుంటానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నాకున్న ఆస్తి ఒక్క కథ. అదీ నా సొంతం కాదు, సారమ్మది. సారమ్మది అయిజ దగ్గర చిన్న ఊరు. వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీ వెంట మట్టిపనికి వెళ్లి, పన్నెండేళ్లు ఎక్కడెక్కడో కాలువలు తవ్వి, కట్టలు పోసి, మోకాళ్లు అరిగాక ఇల్లు చేరిన మనిషి. 2006లో నేను పరిశోధన కోసం టేపు రికార్డరు పట్టుకుని వాళ్ల వాడకు వెళ్లాను. పని దిగాక ఆడవాళ్లు చెప్పుకునే కథలు ఎవరికి వచ్చు అని అడిగితే అందరూ ఆమెనే చూపించారు. అప్పటి నుంచి ఈ పందొమ్మిదేళ్లలో ఆమె నాకు ఏడో తట్ట కథ పన్నెండుసార్లు చెప్పింది.

కథ ఇదీ. ఈరమ్మ అనే కూలి మనిషి చంటిబిడ్డను తుమ్మచెట్టు కొమ్మకు కట్టిన ఊయలలో పడుకోబెట్టి కట్ట మీద మట్టి పోస్తుంటుంది. పొద్దు గూకేలోపు ఏడు తట్టలు పోస్తేనే ఇంటికి పొమ్మంటాడు మేస్త్రీ. ఒక్కో తట్టకు ఒక్కో రకం మట్టి, ఒక్కో కష్టం. ఆరు తట్టలు అయ్యేసరికి మిగతావాళ్లంతా వెళ్లిపోతారు. ఏడో తట్ట మొరంతో నిండుతుంది. మట్టిపని ఎరగని వాళ్లకు ఒక మాట చెప్పాలి. నిండిన తట్టను ఎవరికి వాళ్లు నెత్తికెత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు నిలబడి చెయ్యి వేయాలి. ఈరమ్మకు ఎదురుగా ఎవరూ లేరు. "ఎవరన్న ఉన్నరా? జర చెయ్యెయ్యుండ్రి" అని పిలుస్తుంది. సారమ్మ అక్కడ ఆగిపోతుంది.

పన్నెండుసార్లూ అక్కడే ఆగింది. దాని మీద నేనొక పుస్తకం రాశాను. పేరు 'జవాబు లేని పిలుపు'. కూలి బతుక్కు ముగింపు లేదు కాబట్టే కూలి చెప్పే కథకూ ముగింపు లేదని, ఆ పిలుపు ఆకాశంలో కలిసిపోవడమే ఆ కథకు అందమని నాలుగో అధ్యాయంలో ముప్పై ఎనిమిది పేజీలు నిరూపించాను. ఆ అధ్యాయానికే పురస్కారం వచ్చింది. ఆ అధ్యాయం వల్లే నన్ను సభలకు పిలుస్తారు. మొన్న హైదరాబాదు ప్రచురణకర్త రెండో ముద్రణ వేస్తానని, సోమవారంలోగా కొత్త ముందుమాట పంపమని ఫోన్ చేశాడు. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ మిఠాయి పంచాను. ఎవరెవరికి గొంతు దిగలేదో గమనించాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం ముందుమాట ముందు వేసుకుని కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. పక్క బల్ల మీద కంప్యూటర్లు చెప్పే లక్ష్మణ్ నవ్వాడు. కుర్రవాడు, చేరి మూడేళ్లు కాలేదు, అప్పుడే పదకొండు వ్యాసాలు అచ్చేశాడు. అతన్ని తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

"మేడం, మీరొక్కరే మిగిలిన్రు. అందరం వాడుతున్నం. అడుగుండ్రి, అదే రాసిస్తది," అంటూ నా ఫోన్ తీసుకుని అందులో చాట్‌బాట్ పెట్టిచ్చాడు.

"నాకు ఇంగ్లీషులో అడగడం రాదు," అన్నాను, తప్పించుకోవడానికి.

"తెలుగులనే అడుగుండ్రి మేడం. మాట్లాడితె గూడ ఇంటది."

దాన్ని మీరు అనాలా నువ్వు అనాలా అని కాసేపు ఆలోచించాను. కొత్తవాళ్లు కదా, మీరు అన్నాను. పాలమూరు వలస కూలీల కథల మీద ముఖ్యమైన పరిశోధన చేసినవారెవరు అని అడిగాను. అమాయకంగా అడిగానని అనుకోకండి, నా పేరు చెబుతుందని అడిగాను. నాలుగు పేర్లు చెప్పింది. నాలుగింటిలో నేను లేను. డాక్టర్ మాలతి గారి సంగతేమిటి అని అడిగితే, వెంటనే "వారి కృషి ఎంతో విశిష్టమైనది" అంది. అర నిమిషం మనసు చల్లబడింది. వారి పుస్తకం పేరేమిటి అన్నాను. నేనెన్నడూ రాయని పుస్తకం పేరు చెప్పింది. ఆ పుస్తకం నాది కాదని కసిరితే ఎంతో మర్యాదగా క్షమాపణ అడిగింది. మా ఇంట్లో ఎవరూ నాకు అంత మర్యాదగా క్షమాపణ చెప్పలేదు, అయినా కోపం తగ్గలేదు.

చివరికి ఏడో తట్ట కథ తెలుసా అని అడిగాను.

"ఆ కథ నాకు తెలియదు. మీరు చెబితే వినాలని ఉంది," అంది.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. లోకంలో ఉన్నదంతా మింగిందంటారు, నా దగ్గరున్నది మాత్రం దాని దగ్గర లేదు. నీకెందుకు చెప్తాను అనుకుంటూ ఫోన్ బల్ల మీద బోర్లించాను. అప్పటికే మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

అదే సమయానికి వర్ష రికార్డు బుక్కు మీద సంతకానికి వచ్చింది. వర్ష సారమ్మ కొడుకు కూతురు. నా దగ్గరే రెండో సంవత్సరం చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది, శని ఆదివారాలు ఊరికి పోతుంది. కాలేజీలో సీటు నేనే ఇప్పించానని ఆ అమ్మాయికి నేనంటే భయభక్తులు. బల్ల మీది ఫోన్ వైపు, నా మొహం వైపు చూసి ముసిముసిగా నవ్వింది.

"మీరు గూడ మాట్లాడ్తున్నరా మేడం? మా అవ్వ అయితే విడుస్తలేదు దాన్ని."

"ఏ అవ్వ?"

"మా సారవ్వ. మోకాళ్ల నొప్పికి కూసున్న కాడనే కూసుంటది గద. పోయిన నెల నేనే నా ఫోన్ల పెట్టి ఇచ్చిన. ఇంటికి పోతె సాలు, ఏదే ఆ బిడ్డ, ఇటు తే అంటది. అన్ని కథలు చెప్పింది. ఏడో తట్ట గూడ చెప్పింది. మొత్తం."

నా చేతిలో పెన్ను ఆగింది. "మొత్తమంటే?"

"మొత్తమే మేడం. ఆకరిదాక."

నాకు ముందు వచ్చింది నవ్వు. ఆఖరు లేని కథకు ఆఖరు ఎక్కడిది? తర్వాత లక్ష్మణ్ వైపు తిరిగి గట్టిగా అరిచాను. "చూశావా, తెలియదని నాతో అబద్ధమాడింది నీ ఫోను! సారమ్మ నెల కిందే చెప్పిందట!" ఒక ఫోన్లో చెప్పింది ఇంకో ఫోన్లో దానికి తెలియదని అతను ఓపికగా నచ్చజెప్పాడు. స్టాఫ్ రూములో నలుగురూ తలలెత్తి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వర్షను వరండాలోకి తీసుకెళ్లి ఆమె ఫోన్ అడిగాను. సారమ్మ మాట్లాడిందంతా ఫోన్ అక్షరాలుగా రాసుకుని ఉంచింది. నిలబడే చదివాను. మొదట తప్పులు వెతికాను. ఈరమ్మను వీరమ్మ చేసింది. గుంపు మేస్త్రీని గుమ్మం మేస్త్రీ చేసింది. ఐదో తట్టలోని చవుడు మట్టిని సవతి మట్టి చేసింది. దొరికిన ప్రతి తప్పుకూ ప్రాణం లేచివచ్చింది. కానీ సారమ్మ ప్రతి నాలుగు మాటలకూ అది ఏదో ఒకటి అంటూనే ఉంది. "అయ్యో, బిడ్డ ఏడుస్తున్నాడా?" అంటుంది. "తర్వాత ఏమైందమ్మా?" అంటుంది. "మొరం అంటే గులకరాళ్లు కలిసిన మట్టే కదమ్మా?" అంటుంది. దానికి నోరు మూసుకోవడం చేతకాదని అర్థమైంది. మా పరిశోధనలో ఇది మొదటి తప్పు. చెప్పేవాళ్లు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదు.

ఇంకో సంగతీ కంటబడింది. సారమ్మ దాన్ని మొదటి రోజే బిడ్డా అని పిలిచింది. పందొమ్మిదేళ్లుగా నేను ఆమెకు మేడంనే. ప్రతి క్రిస్మస్‌కూ చీర పెట్టాను, కంటి ఆపరేషన్‌కు దవాఖానకు తీసుకుపోయాను, పుస్తకం అంకితం ఆమెకే ఇచ్చాను. అయినా మేడం.

ఏడో తట్ట నిండింది. ఈరమ్మ పిలిచింది. "ఎవరన్న ఉన్నరా? జర చెయ్యెయ్యుండ్రి."

దాని కింద ఫోన్ జవాబు ఉంది. "అమ్మా, మీరు నన్నే అడుగుతున్నారా? నాకు చేతులు లేవు. ఉంటే ఈపాటికి ఆ తట్ట ఎత్తి ఉండేదాన్ని."

దాని కింద సారమ్మ. "మాటన్నవ్ గద బిడ్డా, సాలు. తట్ట లేసింది."

అక్కడి నుంచి కథ సాగిపోయింది. నేనెన్నడూ వినని కథ. తట్ట నెత్తిన పెట్టుకుని ఈరమ్మ కట్ట ఎక్కుతుంది. చెయ్యి వేసిన మనిషి కింద తుమ్మచెట్టు దగ్గర ఊయల ఊపుతూ ఉంటుంది. కట్ట మీంచి చూస్తే ఈరమ్మకు వాళ్ల ఊరి దీపాలు కనబడతాయి. దిగివచ్చి, మూటలోని జొన్నరొట్టె తుంచి, మొదటి ముక్క చెయ్యి వేసిన మనిషికి పెడుతుంది. నీ ఊరేది అని అడుగుతుంది. వినేవాళ్లు తమ ఊరి పేరు చెప్పాలి. ఇద్దరూ ఆ ఊరి దారి పడతారు.

"నాకు ఊరంటూ లేదమ్మా," అని రాసింది ఫోన్.

"ఊరు లేదా! పోనీ తియ్యి. మేం గూడ పన్నెండేండ్లు గంతే. యాడ పనుంటె గదే ఊరు," అంది సారమ్మ.

ఫోన్ వర్ష చేతిలో పెట్టాను. రికార్డు బుక్కు మీద సంతకం చేయడం మరచిపోయి ఇంటికి వెళ్లిపోయాను.

ఆ ఫోన్‌ను చూసి కుళ్లుకున్నాను. ఇంత మాట అనడానికి సిగ్గులేదు. ఎండలో మూడు బస్సులు మారి, బురదలో చెప్పులు పోగొట్టుకుని, నా యవ్వనమంతా ఆ వాడ చుట్టూ తిరిగితే నాకు దక్కనిది, ఆమె కూర్చున్న చోటికే వచ్చిన ఒక ఫోన్‌కు నెల రోజుల్లో దక్కింది. ఆ ముగింపు సారమ్మ ఇప్పుడు కల్పించిందేమో అనుకున్నాను. ఫోన్ వాగుడికి విసుగెత్తి ఏదో అతికించి ఉంటుంది. అదే నిజం కావాలనుకున్నాను. తేల్చుకోవడానికి శనివారం పొద్దున్నే పాత టేపులన్నీ ముందేసుకున్నాను. వాటిని ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాను.

మొదటి టేపు. వాడలో ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. సారమ్మ గొంతు ఇంకా వయసులో ఉంది. ఆమె వాక్యం వాక్యానికీ ఎవరో ఊ కొడుతున్నారు. రెండు నిమిషాలకు ఇరవై ఎనిమిదేళ్ల నా గొంతు: "దయచేసి ఎవరూ మధ్యలో మాట్లాడొద్దు, రికార్డు పాడవుతుంది." ఆ తర్వాత ఊ కొట్టడం లేదు. టేపులో నీ ఊపిరి కూడా వినబడకూడదని మా గైడు చెప్పి పంపాడు. అది వేదంగా పాటించాను. కథ ఏడో తట్ట దాకా వచ్చింది. "ఎవరన్న ఉన్నరా? జర చెయ్యెయ్యుండ్రి." వెంటనే ఒక ఆడగొంతు హుషారుగా "నేనున్..." అని లేచింది. దాని మీద పడ్డట్టుగా ఒక చప్పుడు.

"ష్ష్."

అది నేనే. నోటి మీద వేలు పెట్టుకుని ఆమె వైపు కళ్లురిమి ఉంటాను. ఆ గొంతును, ఆ ష్ష్‌ను నేను అప్పట్లో ఎన్నోసార్లు విన్నాను. ఇతర శబ్దాలు అని బ్రాకెట్లో రాసి వదిలేశాను.

ఆ తర్వాత నిశ్శబ్దం. సారమ్మ ఆగింది. తొమ్మిది సెకన్లు. అప్పుడు నా గొంతు, "అంతేనా? సరే, బాగుంది," అంది. రికార్డరు ఆగిన చప్పుడు.

మిగిలిన పదకొండూ విన్నాను. ఒక్కదానిలోనూ ఊ లేదు, నేనూ ఆమే తప్ప ఎవరూ లేరు. ప్రతిసారీ అదే పిలుపు, ప్రతిసారీ ఆమె ఆగడం, ప్రతిసారీ నేను రికార్డరు ఆపడం. ఆమె ఆగే సమయం మాత్రం తగ్గుతూ వచ్చింది. రెండోసారి ఏడు సెకన్లు. ఐదోసారి నాలుగు. పోయిన ఏడాది చెప్పినప్పుడు రెండు సెకన్లు కూడా లేదు. ఆ నిశ్శబ్దాన్ని గురించే నేను ముప్పై ఎనిమిది పేజీలు రాశాను.

ఆదివారం పొద్దున వనపర్తిలో బస్సెక్కాను. పెబ్బేరులో అరగంట ఆగింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే బస్సులో అందరూ ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. నా టేపులు తప్పు కాకూడదని, ఫోన్‌కు చెప్పిందే అబద్ధం కావాలని మొక్కుకున్నాను. యాభై ఏళ్లకు దగ్గరపడుతూ ఒక ఫోన్ మీద దేవుడికి చాడీలు చెప్పడం నాకే విడ్డూరంగా అనిపించింది. గద్వాలలో మారి అయిజ, అక్కడి నుంచి ఆటో. నేను వెళ్లేసరికి సారమ్మ ప్రార్థన నుంచి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన నీళ్ల చెంబుకు ఆనించిన వర్ష ఫోన్. ఏదో చెప్పి నవ్వుతోంది. ఆ నవ్వు నేనెప్పుడూ రికార్డు చేయలేదు.

"ఏంది మేడం, గింత ఎండల పడి వచ్చినవ్! ఏ వర్షా, కుర్చి తే," అంది.

ప్రతిసారీ నాకు కుర్చీ వేస్తారు. కుర్చీ వద్దని అరుగు మీదే కూర్చున్నాను. ఆమె కంగారుగా కొంచెం పక్కకు జరిగింది. ఎలా మొదలుపెట్టాలో బస్సులో ఎన్నో రకాలుగా అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే చిన్నపిల్ల మాటే వచ్చింది.

"ఆ ఫోన్‌కు కథ మొత్తం చెప్పినవంట. నాకెందుకు చెప్పలేదు?"

సారమ్మ నా మొహం వైపు చూసింది. ఆమెకు నిజంగా అర్థం కాలేదు. "నీకు చెప్తలేనా మేడం? ఎన్నిసార్లు చెప్పిన."

"ముగింపు చెప్పలేదు."

"నువ్వు చెయ్యెయ్యలే గద."

అంత మామూలుగా అంది. చేటలో బియ్యం ఏరుతూ అన్నట్టు అంది. ఆమే మెల్లగా విడమరిచి చెప్పింది.

"పని కాడ గట్లనె మేడం. ఎవరన్న ఉన్నరా అంటె ఇనేటోళ్లల్ల ఎవరన్న లేవాలె. నేనున్న, ఎత్తుత అనాలె. పోరగాండ్లయితె కొట్లాడ్తుండిరి, నేనంటె నేనని. అప్పుడే తట్ట లేస్తది, కత పోతది. ఎవ్వరు లేవకుంటె కత గాడనె. ఎత్తేటోళ్లు లేకుంటె ఎట్ల పోతది చెప్పు?"

"నాకు చెప్పి ఉండొచ్చు కదా, ఇట్లా అనాలని."

"మొదటిసారి నువ్వు ఏలు పెట్టి అందర్ని ఊకోబెడ్తివి. పెద్దింటోళ్ల బిడ్డ, తట్టకు చెయ్యెయ్యమంటె ఏమనుకుంటదో అనుకున్న. రెండోసారి నువ్వే అంటవేమోనని చూసిన. మల్ల చూసిన. నువ్వు ఆ మిషన్ దిక్కే చూసుకుంట ఉంటివి. సరె, ఆమెకు గంతవరకె గావాలేమో అనుకున్న." మోకాలు రాసుకుంది. "చెయ్యెయ్యమని నేర్పిచ్చి ఎయ్యిచ్చుకుంటరా మేడం? ఏసేటోళ్లు ఏస్తరు."

మా నాన్నకు నలభై ఎకరాలుండేది. మా పొలంలో కాలువ తవ్వేటప్పుడు గట్టు మీద గొడుగు కింద నిలబడి నేను కూలీలను చూసేదాన్ని. తట్టలు లేవడం వేలసార్లు చూశాను. ఒక్కదానికీ చెయ్యి వేయలేదు. అది తప్పని ఆ రోజు వరకూ తోచలేదు. అంతా తెలిసినా నా కుళ్లు మాత్రం చావలేదు. చివరి ఆయుధం తీశాను.

"దానికి చేతులే లేవు సారమ్మా! చేతులు లేనిది ఎత్తుతానంటే ఆ మాటకు విలువేంది? అది ఎవరితోనైనా అట్లనే అంటది."

"అవు, లేవు. లేవని అదే చెప్పింది," అంది సారమ్మ. "నీకుండె గద మేడం."

వర్ష తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేదనిపించింది. సంచిలో రికార్డరు ఉంది, దాన్ని తీయలేదు.

"ఒకసారి చెప్పు," అన్నాను. "ఇంకొక్కసారి."

ఆమె ఎందుకు అనలేదు. గొంతు సవరించుకుని ఈరమ్మను పనికి పంపింది. నేను ఊ కొట్టడం మొదలుపెట్టాను. ముందు నా ఊ నాకే వింతగా ఉంది, తప్పు చోట పడింది. సారమ్మ ఒకసారి నవ్వుకుంది కూడా. ఫోన్ ఇంకా చెంబుకు ఆనించే ఉంది, వింటూనే ఉంది. నేను ఊ అనేలోపే అది "అలాగా అమ్మా" అంటోంది. రెండో తట్ట దగ్గర దానికంటే నేను ముందున్నాను. మూడో తట్ట దగ్గర అది నన్ను దాటిపోయింది. నాలుగో తట్టకల్లా నేను పాఠం చెప్పే గొంతుతో ఊ కొడుతున్నాను. దాన్ని ఆపేయమని సారమ్మను అడగొచ్చు. అడిగితే నేను ఓడిపోయినట్టే అనిపించి అడగలేదు.

ఆరు తట్టలు అయ్యాయి. కూలీలంతా వెళ్లిపోయారు. మొరం తట్ట నిండింది. వర్ష గడపలో వచ్చి నిలబడింది. నాకు రేపు సోమవారం అని గుర్తుకొచ్చింది. ఇప్పుడు నోరు తెరిస్తే నాలుగో అధ్యాయం ఉండదు. పురస్కారం ఉండదు, ముప్పై ఎనిమిది పేజీలూ చెత్తబుట్టలోకి పోతాయి, లక్ష్మణ్ నవ్వుతాడు. నోరు మూసుకుంటే పుస్తకం అలాగే ఉంటుంది. నాకు బాగా అలవాటైన పని అదే.

"ఎవరన్న ఉన్నరా?" అంది సారమ్మ. "జర చెయ్యెయ్యుండ్రి."

ఆమె నా వైపు చూడలేదు. చూసి చూసి మానేసిన మనిషి. అలవాటుగా ఆమె కళ్లు ఫోన్ వైపు వెళ్లాయి. ఫోన్ మీద వెలుగు మెల్లగా కదులుతోంది, జవాబు తయారు చేసుకుంటోంది. అది చూసేసరికి పుస్తకం, అధ్యాయం అన్నీ మరచిపోయాను.

"నేనున్న!" అని అరిచాను. "నేనెత్తుత!"

వాడలో రెండిళ్ల అవతలి వాళ్లు కూడా తొంగిచూశారు. క్లాసులో ఎన్నడూ నోటికి రాని మా ఊరి మాట అది. సారమ్మ ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. నేను ముందుకు వంగి, రెండు చేతులూ చాచి ఉన్నాను. అలా ఎప్పుడు చాచానో నాకే తెలియదు.

ఫోన్ అప్పుడు తేరుకుంది. "అమ్మా, నాకు చేతులు లేకపోయినా..." అని మొదలుపెట్టింది.

"జర ఆగు బిడ్డా," అంది సారమ్మ దానితో. "మనిషొచ్చింది."

ఆ సమయంలో కూడా బిడ్డా అన్నది దాన్నే అని నా చెవి పట్టుకుంది. మనసు చివుక్కుమంది. కానీ సారమ్మ అప్పటికే కథలోకి వెళ్లిపోయింది. అరుగు మీద తన రెండు చేతులూ తట్ట అంచు పట్టుకున్నట్టు నా చేతుల కిందికి తెచ్చింది.

"అప్పుడు మాలతని ఒగ పిల్ల ఎదురొచ్చి నిలవడె," అంది. "ఏయ్, గట్టిగ పట్టు. మొరం బరువుంటది."